‘కుదరదు’ అని చెప్పిన వకీలు

(గుంటూరులోని ఒక లూథరన్ పేరిష్ హాలులో ఒక సీనియర్ వకీలు గారికి జరిగిన సంస్మరణ సభలో, ఆయన దగ్గర జూనియర్‌గా పనిచేసిన న్యాయవాది చేసిన ప్రసంగం. కుటుంబం కోరిక మేరకు పేర్లు అచ్చు వేయడం లేదు.)

అందరికీ వందనాలు. మన పాస్టరు అయ్యగారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. కోర్టులో వాయిదాలు అడిగి అడిగి అలవాటైనదాన్ని. ఇరవై కాస్తా ముప్పై అయితే ముందే మన్నించండి.

నా వెనక బ్యానర్ మీద ‘సంఘానికి, ప్రజాసేవకు అంకితమైన జీవితం’ అని రాయించారు. బాగుంది. కానీ సార్ ఇప్పుడు ఆ గుమ్మంలోంచి లోపలికొస్తే బ్యానర్ చదవరు. ‘ఇదెంతయింది? వోచర్ ఎక్కడ?’ అంటారు. (నవ్వులు) ట్రెజరర్ గారు అందరికంటే గట్టిగా నవ్వుతున్నారు. ఆయన పడినంత ఇంకెవరూ పడలేదు కదా మరి.

ఇందాకట్నుంచీ పెద్దలు సార్ ఏమేం చేశారో చెప్పారు. ఎవరు వచ్చినా కాదనలేదని, అడిగిన వాళ్లందరికీ చేశారని. నేను పద్దెనిమిదేళ్లు ఆయన బల్లకి ఎదురుగా కూర్చున్నాను. నాకు తెలిసిన సార్ అలా కాదు. రోజుకి పదిసార్లు ‘కుదరదు’ అనే మనిషి. క్లయింటుకి కుదరదు, అయ్యగారికి కుదరదు, సంఘ పెద్దలకి అసలే కుదరదు. ఈ సంఘానికి ఆయన చేసిన మేలు చాలావరకు ఆ మాటలోనే ఉందని నా లెక్క. ఈ రోజు దాని గురించే చెబుతాను.

ముందు కొంచెం పాత సంగతి. సార్ తెనాలి దగ్గర ఒక పాలెంలో పుట్టారు. తండ్రి మిషను బడిలో పంతులు. లూథరన్ మిషనరీ హయ్యరు గారు 1842 జూలై 31న గుంటూరు వచ్చారని సండే స్కూల్లో మనందరం బట్టీ పట్టినవాళ్లమే. ఆ వచ్చిన దానికి మా ఇంట్లో మిగిలిన ఆస్తి ఒక పలక అనేవారు సార్. పలక పట్టుకున్న తాత, పంతులైన తండ్రి, ఆ తర్వాత గుంటూరు ఆంధ్ర క్రిస్టియన్ (ఏసీ) కాలేజీకి వచ్చిన సార్.

ఆయన కాలేజీలో ఉండగానే ఒక విచిత్రం జరిగింది. ఇక్కడున్న పిల్లలకి తెలియకపోవచ్చు. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరులో ఏర్పడింది కదా, రాజధాని కర్నూలు. హైకోర్టు మాత్రం 1954 జూలైలో మన గుంటూరులో పెట్టారు. కోకా సుబ్బారావు గారు ప్రధాన న్యాయమూర్తి. తర్వాత ఆయనే భారత ప్రధాన న్యాయమూర్తి కూడా అయ్యారు. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ వచ్చి హైకోర్టు హైదరాబాదు వెళ్లిపోయేదాకా, రెండేళ్లకు పైగా, గుంటూరు హైకోర్టు ఊరు. సార్ క్లాసు ఎగ్గొట్టి వెళ్లి వెనక బెంచీలో కూర్చునేవారట. అక్కడ ఆయన్ని ఆకట్టుకున్నది గొప్ప గొప్ప వాదనలు కావు. ఒక పెద్ద వకీలు గారు లేచి ‘ఈ పాయింటు మీద నాకు చెప్పడానికేమీ లేదు’ అని కూర్చున్నారట. జడ్జిగారు ఆయన్ని మరింత మర్యాదగా చూశారట. ‘లేదని చెబితే గౌరవం పెరిగే పని ఒకటుందని ఆ రోజు తెలిసిందమ్మా’ అనేవారు. ఆ తర్వాత మద్రాసు వెళ్లి లా చదివి, వచ్చి బ్రాడీపేటలో బోర్డు పెట్టారు. చివరిదాకా అదే గది, అదే ఫ్యాను.

నేను 1993లో ఆయన దగ్గర చేరాను. మొదటి వారంలోనే ఒకామె వచ్చింది. మన సంఘం మనిషి కాదు, మరో సంఘం. భర్త వదిలేసి ఏడేళ్లు. విజయవాడలో ఉన్నాడని తెలుసు, రాడు, పైసా పంపడు. విడాకులు కావాలంది. నేను కొత్తగా చదువుకుని వచ్చినదాన్ని, ఉత్సాహంగా పెన్ను తీశాను. సార్ నా చేతిలో పెన్ను పక్కన పెట్టించి, ఆమెతో ‘కుదరదమ్మా’ అన్నారు.

ఆ రోజుల్లో మన మీద నడిచింది 1869 నాటి విడాకుల చట్టం. క్రైస్తవ భర్తకైతే భార్య వ్యభిచారం ఒక్కటి రుజువు చేస్తే చాలు. భార్యకి మాత్రం ఒక్క వ్యభిచారం సరిపోదు. దానికి తోడు క్రూరత్వం అయినా చూపించాలి, రెండేళ్లు వదిలేశాడని అయినా చూపించాలి. వట్టినే కొట్టాడన్నా, వట్టినే వదిలేశాడన్నా విడాకులు లేవు. పోనీ ఎలాగో జిల్లా కోర్టులో గెలిచారనుకోండి, ఆ డిక్రీని హైకోర్టు ఖాయం చేయాలి. అందాకా ఆడమనిషి అటూ కాదు, ఇటూ కాదు. సార్ ఇదంతా ఆమెకి చట్టం భాషలో చెప్పలేదు. ‘మీ ఆయన ఇంకో ఆడమనిషితో ఉన్నాడని సాక్ష్యం ఉందా?’ అని అడిగారు. లేదంది. ‘లేకపోతే ఉందని రాయమంటావా?’ అన్నారు. ఆమె నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఎందుకంటే, రాసేద్దాం అన్న ఆలోచన అప్పటికే నాకొచ్చింది.

రాయలేదు. న్యాయపరంగా వేరు ఉండటానికి ఒక పిటిషను, భరణానికి ఒకటి వేశాం. భరణం అంటే అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 125. అప్పట్లో దానికి పరిమితి నెలకి 500 రూపాయలు, అంతకుమించి కోర్టు ఇవ్వడానికి లేదు. 500 రూపాయల కోసం ఆమె ఎన్ని వాయిదాలు తిరిగిందో నాకు తెలుసు. బస్సు ఛార్జీలు సార్ గుమస్తా చేత ఇప్పించేవారు. తర్వాత 1995లో కేరళ హైకోర్టు ఈ తేడాని తప్పుబట్టింది, వేరే హైకోర్టులూ అదే దారి పట్టాయి. చివరికి 2001లో పార్లమెంటు చట్టం మార్చింది. ఇప్పుడు క్రూరత్వం, వదిలేయడం దేనికదే కారణం. ఇద్దరూ ఒప్పుకుంటే పరస్పర అంగీకారంతోనూ విడిపోవచ్చు. హైకోర్టు ఖాయం చేయాలన్న గొడవ పోయింది. ఆ ఏడాదే 500 పరిమితి కూడా ఎత్తేశారు.

చట్టం మారాక సార్ ఆమెకి కార్డు రాశారు, వచ్చి కలవమని. ఆమె వచ్చింది, కేసు వేశాం, డిక్రీ వచ్చింది. అప్పుడు సంఘంలో గొడవైంది. ‘సంఘ పెద్ద అయ్యుండి విడాకుల కేసులు వేస్తారా’ అని కమిటీలో లేచి అడిగారు. సార్ ఇచ్చిన సమాధానం మినిట్సులో ఉంది, కావాలంటే చూసుకోండి: ‘అబద్ధం రాయమన్నప్పుడు నేను వేయలేదు. నిజం రాస్తే సరిపోయే రోజు వచ్చింది, వేశాను.’ అంతే. ఆ తర్వాత రెండేళ్లు ఆయన్ని పెద్దల పదవికి ఎన్నుకోలేదు. ఆయన మాత్రం ప్రతి ఆదివారం అదే బెంచీలో కూర్చున్నారు.

ఈ కాంపౌండులో వేపచెట్టు ఉంది కదా. ఆరాధన అయ్యాక దాని కింద మడత కుర్చీ వేసుకుని కూర్చునేవారు, ఒంటిగంట దాకా. చర్చి వాళ్లే కాదు, పక్క మసీదు నుంచీ వచ్చేవాళ్లు, మిర్చి యార్డులో తొడిమలు తీసే ఆడవాళ్లూ వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లందరికీ ఒకటే ప్రశ్న, ‘కాగితం తెచ్చావా?’ కాగితం లేకుండా కథ చెబితే వినేవారు కాదు. కఠినం అనుకునేదాన్ని. తర్వాత తెలిసింది. మనిషి కోపంలో చెప్పే కథకీ కాగితంలో ఉన్న కథకీ మధ్య దూరం ఎంతో ముందు కొలిచి, అప్పుడు కేసు గెలుస్తుందో లేదో చెప్పేవారు. పదిమందిలో ఆరుగురిని ‘కోర్టుకి పోవద్దు’ అనే పంపించేవారు. వాళ్లు తిట్టుకుంటూ వెళ్లి ఇంకో వకీలు దగ్గర ఫీజు కట్టి, మూడేళ్లకి ఓడిపోయి, మళ్లీ అదే చెట్టు కిందకొచ్చేవాళ్లు. మళ్లీ వచ్చినవాళ్లని సార్ ఏమీ అనేవారు కాదు. ‘కూర్చో’ అనేవారు.

లీగల్ సర్వీసెస్ చట్టం 1987లో చేసినా, అమల్లోకి వచ్చింది 1995 నవంబరు 9న. అందుకే ఆ రోజు కోర్టుల్లో లీగల్ సర్వీసెస్ డే చేస్తారు. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, పిల్లలకి, వికలాంగులకి, జైల్లో ఉన్నవాళ్లకి ప్రభుత్వమే వకీలుని పెట్టాలి. ఆడవాళ్లకైతే ఆదాయం ఎంతని కూడా అడగక్కర్లేదు. సార్ ప్యానెల్లో చేరారు, నన్నూ చేర్పించారు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఒక లోక్ అదాలత్‌లో రోడ్డు ప్రమాదం కేసు. భర్త పోయినావిడ, ఇద్దరు చిన్నపిల్లలు. బీమా వాళ్లు ఒక అంకె చెప్పారు. నాకు తొందర, ఆ రోజు ఇంకా పదకొండు ఫైళ్లున్నాయి. ఒప్పేసుకోమని ఆమెకి సైగ చేశాను. ఆమె వేలిముద్ర వేయబోతుంటే సార్ వచ్చి ఇంకుప్యాడు మూసేశారు. ‘దీని మీద అప్పీలు లేదని ఆమెకి చెప్పావా?’ అన్నారు. చెప్పలేదు. లోక్ అదాలత్ అవార్డు అంటే డిక్రీతో సమానం. కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కొస్తుంది, కానీ పై కోర్టుకి వెళ్లే దారి మూసుకుపోతుంది. రెండువైపులా చెప్పాలి కదా. నేను తీపి వైపే చెప్పాను. సార్ ఆమె పక్కన నేలమీద కూర్చుని పావుగంట చెప్పారు. ఆమె ఆ రోజు వద్దంది. తర్వాత ట్రిబ్యునల్ ఇచ్చింది ఎక్కువే. ఎంతన్నది ఇక్కడ అనవసరం.

డబ్బు వచ్చాక మళ్లీ ‘కుదరదు’. ఆమె మరిది మొత్తం డ్రా చేసి అప్పులు తీరుద్దామన్నాడు. 1994లో సుసమ్మ థామస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, చదువు లేనివాళ్లకి, మైనర్లకి వచ్చిన పరిహారం బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయించాలి, వడ్డీ వాళ్లకి అందేలా చూడాలి అని. సార్ ఆ తీర్పు జిరాక్స్ మడతపెట్టి జేబులో పెట్టుకుని తిరిగేవారు. మరిది గారి చేతికి అదే ఇచ్చారు. ఇందులో శాతాలు తీసుకునే వకీళ్లున్నారని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఎవరని అడగొద్దు.

ఇక చర్చి విషయం. కోతపండుగకి సంఘస్థులు తెచ్చిచ్చిన వాటిని చర్చి కోసం వేలం వేస్తాం కదా, దానితో మొదలుపెడతాను, అక్కడే ఆయనకి ఎక్కువ చెడ్డపేరు వచ్చింది. వేలంలో గుమ్మడికాయ వెయ్యి రూపాయలు పలుకుతుంది, నాటుకోడి మూడువేలు, పదిమంది ముందు చెయ్యెత్తాక వెనక్కి ఎవరు తగ్గుతారు? ‘రాసుకోండి’ అంటారు. కోడి ఇంటికెళ్లి కూరైపోతుంది, డబ్బులు రావు. సార్ ట్రెజరర్ అయిన ఏడు, పండుగ తర్వాత మూడో ఆదివారం ప్రకటనల్లో బాకీలు పేర్లతో సహా చదివారు. మొదటి పేరు ఆయనదే, రెండు కొబ్బరికాయలు, నూటయాభై. జేబులోంచి తీసి అక్కడే కట్టి, మిగతా పేర్లు చదివారు. వచ్చే ఆదివారానికి అన్నీ వసూలయ్యాయి. కొన్ని కుటుంబాలు మాత్రం వేరే చర్చికి వెళ్లిపోయాయి. అది మంచి పద్ధతా కాదా అంటే, నాకిప్పటికీ అనుమానమే. పేదవాడు కూడా ఆ పేర్లలో ఉండొచ్చు కదా సార్, అని ఒకసారి అడిగాను. ‘పేదవాడు కోడి పాడడమ్మా’ అన్నారు.

కానీ నేను అసలు చెప్పాలనుకుని వచ్చింది ఒక నర్సమ్మ గారి సంగతి.

ఆమె మిషను ఆసుపత్రిలో చేసి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. నూటయాభై గజాల్లో చిన్న ఇల్లు. జబ్బుపడి మంచంలో ఉన్నారు, ఎక్కువ రోజులు ఉండరని డాక్టర్లు చెప్పేశారు. ఇల్లు సంఘానికి రాసిస్తానన్నారట. పెద్దలు వీలునామా టైపు చేయించుకుని, సంతకం ముందు ఒక్కసారి చూడమని సార్ దగ్గరికి వచ్చారు. అది 2003కి ముందు మాట.

సార్ చదివి, ‘కుదరదు’ అన్నారు. వాళ్లు నిర్ఘాంతపోయారు. చర్చికి ఆస్తి వస్తుంటే చర్చి ట్రెజరరే అడ్డమా?

సంగతేంటంటే, 1925 నాటి భారత వారసత్వ చట్టంలో 118 అని ఒక సెక్షను. అది క్రైస్తవులకి పెద్ద గుదిబండ. అన్నదమ్ముల పిల్లలో అక్కచెల్లెళ్ల పిల్లలో, లేదా అంతకంటే దగ్గరి బంధువులో ఉన్న మనిషి, మతానికో ధర్మానికో ఆస్తి వీలునామా రాయాలంటే, చనిపోవడానికి కనీసం 12 నెలల ముందే రాయాలి. రాసిన 6 నెలల లోపల దాన్ని భద్రపరిచే చోట దాఖలు చేయాలి. లేకపోతే ఆ రాత చెల్లదు. ఎప్పుడు చనిపోతామో ముందే తెలుసుకుని రాయాలన్నమాట! నర్సమ్మ గారికి అన్నకూతురు ఉంది. ఆమెకి పన్నెండు నెలలు లేవు.

పెద్దల్లో ఒకాయన తెలివైనవాడు. ‘అయితే వీలునామా ఎందుకు, గిఫ్టు డీడు రిజిస్టరు చేయించుకుందాం, రిజిస్ట్రారునే ఇంటికి పిలుద్దాం’ అన్నాడు. అది నిజమే, బతికుండగా ఇచ్చే దానపత్రానికి 118 అడ్డం రాదు. సార్‌కి ఆ దారి తెలియక కాదు. ‘చట్టప్రకారం అవుతుంది. నేను రాయను. ముందు ఆమెతో ఒంటరిగా మాట్లాడాలి’ అన్నారు. నన్ను తీసుకెళ్లారు.

వెళ్లేసరికి అన్నకూతురు జావ తాగిస్తోంది. ఆమెని బయట కూర్చోమని, సార్ కుర్చీ మంచం దగ్గరికి లాక్కున్నారు. ఇల్లు సంఘానికి ఎందుకివ్వాలనుకుంటున్నారు సిస్టర్, అని అడిగారు. దేవునికి అన్నారామె. ఇంకా, అన్నారు సార్. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నారు, ‘నాకెవరూ లేరు కదయ్యా. సంఘానికి ఏమీ ఇవ్వకపోతే సమాధుల తోటలో చోటివ్వరేమో, అయ్యగారు రారేమో అని.’

నలభై ఏళ్లు ఎంతమందికో పురుళ్లు పోసినావిడ. ఈ సంఘంలో సగంమంది ఆవిడ చేతుల్లోకి పుట్టినవాళ్లే. ఆవిడకి ఆ భయం ఎవరు పెట్టారు? ఎవరూ పెట్టలేదు. ఎవరూ తీయలేదు కూడా.

సార్ బయటికొచ్చి పెద్దలకి ఈ మాట ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఆ తెలివైన పెద్దమనిషే ముందు ఏడ్చాడు. ఆ సాయంత్రమే అయ్యగారు వెళ్లి ప్రభురాత్రి భోజన సంస్కారమిచ్చి, సమాధికి స్థలం ఫలానా వరసలో అని ఆమెకి చెప్పి వచ్చారు. ఇల్లు అన్నకూతురి పేర రాశారు. నర్సమ్మ గారు దిండు కింద నుంచి ఒక కవరు తీసి సార్ చేతిలో పెట్టారు, ఐదువేలు. చేతికిచ్చిన దానికి వీలునామా అక్కర్లేదు. సార్ అక్కడే రసీదు పుస్తకం తీసి రసీదు రాసిచ్చారు. పదహారు రోజుల తర్వాత ఆమె పోయారు.

2003లో జాన్ వల్లమట్టం అనే కేరళ ఫాదర్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆ 118ని కొట్టేసింది. క్రైస్తవులకి మాత్రమే ఈ అడ్డు ఎందుకు, ఇది సమానత్వానికి విరుద్ధం అని. సార్ ఆ తీర్పు చదివి చాలా సంతోషించారు, స్వీట్లు కూడా తెప్పించారు. కానీ ఆ తర్వాత కూడా సంఘానికి ఆస్తి రాస్తామని ఎవరొచ్చినా ‘పిల్లలకి చెప్పారా? చెప్పి, ఏడాది ఆగి రండి’ అనేవారు. సుప్రీంకోర్టు కొట్టేసిన సెక్షన్ని మా ట్రెజరర్ ఇంకా నడుపుతున్నాడు అని కమిటీలో జోకులు వేసేవాళ్లు. అలా ఏడాది ఆగి మళ్లీ వచ్చినవాళ్లు ముగ్గురే. వాళ్లిచ్చిన వాటి మీద ఇప్పటిదాకా ఒక్క కేసూ లేదు. మిగతా సంఘ ఆస్తుల మీద ఎన్ని దావాలున్నాయో నేను చెప్పక్కర్లేదు, ఈ హాల్లో వాదులు ప్రతివాదులు ఇద్దరూ కూర్చుని ఉన్నారు. (నవ్వులు)

అదే చట్టంలో ఇంకో మాట. దాన్ని ఆయన ప్రసంగాల్లో కూడా చెప్పేవారు. తండ్రి వీలునామా లేకుండా పోతే భార్యకి మూడోవంతు, మిగతా రెండు వంతులు పిల్లలకి. కొడుకైనా కూతురైనా సమానం. ఇది 1925 నుంచీ ఉంది. మన అక్కచెల్లెళ్లలో ఎంతమందికి తెలుసు? పెళ్లప్పుడు కట్నం ఇచ్చేశాం కదా అని హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకుంటారు. అన్నలు ఆ పత్రం రాయమని వస్తే, సార్ ‘చెల్లెలు ఎక్కడ?’ అనేవారు. ఆమె ఊళ్లో ఉందండీ, అంటే, ‘ఆమె వచ్చినరోజు రాద్దాం’. ఆమె వస్తే, ముందు ఆమె వాటా ఎంతో కాగితం మీద లెక్క వేసి చూపించి, అప్పుడు వదులుకుంటావా అని అడిగేవారు. చాలామంది అప్పటికీ వదులుకునేవాళ్లే. కానీ తెలిసి వదులుకునేవాళ్లు.

కుల సర్టిఫికెట్ల సంగతి కూడా మాట్లాడాలి, దాటేయడం న్యాయం కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా. హిందువులు కాని వారిని ఎస్సీగా గుర్తించరు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, మనల్ని లేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవులైన మనం బీసీ-సీ, రిజర్వేషన్ ఒక్క శాతం. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ పేరా తీసేయమని చెప్పింది. సుప్రీంకోర్టులో 2004 నుంచి పిటిషన్లున్నాయి. ఈ లోగా మన పిల్లలు ఏం చేయాలి? బాప్తిస్మం రిజిస్టరులో ఒక పేరు, బడి రిజిస్టరులో ఒక పేరు. పాలెంలో వెలి అలాగే ఉంటుంది, కాగితం మీద మాత్రం కులం మారిపోతుంది. సార్ తన పిల్లలకి బీసీ-సీయే రాయించారు. పెద్దబ్బాయికి మెడికల్ సీటు అంచుదాకా వచ్చి పోయింది. ఆ ఇంట్లో ఆ రోజు ఎలా ఉందో నేను చూశాను. కానీ వేరేలా రాయించుకున్న ఒక్క కుటుంబాన్ని కూడా ఆయన తప్పుపట్టగా నేను వినలేదు. చెట్టు కిందకొచ్చి ‘ఏం రాయమంటారు సార్’ అని అడిగిన తల్లులకి మాత్రం ఆయన ‘కుదురుతుంది’ అనలేదు, ‘కుదరదు’ అనీ అనలేదు. చట్టం చెప్పి, తర్వాత మౌనంగా ఉండేవారు. ఆ మౌనం నాకు నచ్చేది కాదు. ఇప్పుడు నన్నే అడుగుతున్నారు, నేనూ అదే చేస్తున్నాను.

ఇంకో మౌనం చుండూరుది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారణ జరిపారు, 2007లో 21 మందికి జీవితఖైదు పడింది. 2014లో హైకోర్టు అందర్నీ విడుదల చేసింది. సార్ ఆ కేసులో వకీలు కాదు. కానీ కింది కోర్టు విచారణకి వీలైనప్పుడల్లా బస్సెక్కి వెళ్లి వెనక కూర్చునేవారు, కుర్రతనంలో హైకోర్టులో కూర్చున్నట్టు. కోర్టే ఊరికి రావడం గొప్ప సంగతి అనేవారు, కూలి పోగొట్టుకుని సాక్షి గుంటూరు రానక్కర్లేదు అని. 2014లో తీర్పు వచ్చాక, ఆ తర్వాతి ఆదివారం చెట్టు కింద చాలామంది చేరారు. ఏదో చెబుతారని. ఆయన తీర్పులో సారాంశం చదివి వినిపించి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. ఆ ఒక్క రోజే ఆయన ఎవర్నీ కాగితం అడగలేదు.

మనిషిని దేవుణ్ణి చేయడం మన సభల అలవాటు కాబట్టి ఇదీ చెప్పేస్తాను. ఆయన ఫీజు తీసుకోకపోవడం అందరూ పొగిడారు. ఫీజు తీసుకోని సీనియర్ దగ్గర జూనియర్‌కి ఏమొస్తుంది? మొదటి మూడేళ్లు నా రిక్షా డబ్బులు మా నాన్నే ఇచ్చారు. గుమస్తా గారు పెళ్లిళ్లకి ఫోటోలు తీసి ఇల్లు నడిపారు. అమ్మగారు ట్యూషన్లు చెప్పారు. సేవ చేసింది సార్ ఒక్కరే అన్నట్టు బ్యానర్ మీద ఒక్క ఫోటోయే వేశారు. అమ్మగారు ముందు వరసలో కూర్చున్నారు, ఒప్పుకోరు గానీ, నేను చెప్పింది అబద్ధమైతే కాదనమనండి. (చప్పట్లు)

చివరి సంగతి. పోయే ముందు ఏడాది ఆయన వీలునామా నేనే రాశాను. బ్రాడీపేట ఇల్లు సంఘానికి వస్తుందని కొంతమంది అనుకున్నారు, నాకు తెలుసు. ఇల్లు అమ్మగారికి, తర్వాత ముగ్గురు పిల్లలకి సమానంగా. లా పుస్తకాలు బార్ లైబ్రరీకి. సంఘం పేరు వీలునామాలో లేదు. సంఘానికి ఇవ్వాల్సింది ఇచ్చేశాను, రసీదులున్నాయి అన్నారు.

ఇద్దరు సాక్షులు కావాలి. ఒకరు డాక్టరు గారు. రెండో సంతకం నన్ను పెట్టమన్నారు. నేను కొంచెం ఆగాను. వారసత్వ చట్టంలో 67వ సెక్షను ఒకటుంది, సాక్షిగా సంతకం పెట్టినవాళ్లకి ఆ వీలునామాలో ఏం రాసినా అది చెల్లదు. సార్ నా ముఖం చూసి నవ్వారు. ‘ఏమ్మా, ఏమైనా ఆశ పెట్టుకున్నావా? అందుకే నిన్ను పెట్టమంటున్నాను’ అన్నారు. పెట్టాను. ఇంకు ఆరాక, మంచం కింద నుంచి ఆ మడత కుర్చీ లాగించి నా చేతికిచ్చారు. చేతికిచ్చింది కాబట్టి 67 వర్తించదు, అన్నారు.

కుర్చీ ఇప్పుడు బయట చెట్టు కింద వేసే ఉంది. సభ అయ్యాక ఒంటిగంట దాకా అక్కడే ఉంటాను. భోజనాలు చేసి రండి, తొందరేం లేదు. కాగితాలు మాత్రం తెచ్చుకోండి.